డీజిల్ ఒక మనిషి పేరు

హోసూరు దారిలోనో, బళ్లారి దారిలోనో, బరంపురం దగ్గర జాతీయ రహదారి మీదో కాసేపు నిలబడితే లారీలు లెక్కకు అందవు. వాటిలో పోసే నూనెను డీజిల్ అంటాం. బంకులో, బస్సు డిపోలో, పొలం గట్టున పంపుసెట్టు దగ్గర ఈ మాట ఎంత కలిసిపోయిందంటే, అది ఒకాయన ఇంటిపేరని పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. రుడాల్ఫ్ డీజిల్ జీవితాన్ని ఈ పేజీలో చెప్పుకోవడానికి మాకు రెండు కారణాలున్నాయి. అతను ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషతో పెరిగిన పిల్లాడు. రెండోది, బడి పుస్తకం అతని ఇంజను గురించి ఒక పేరాలో చెప్పి ముగిస్తుంది. అసలు కథ ఆ పేరా అయిపోయిన చోట మొదలవుతుంది. పరీక్షలో నెగ్గిన యంత్రం రోజూ బరువు లాగుతూ నిలబడుతుందా అన్నదే ఆ కథ.

1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడర్ ఆగ్స్‌బర్గ్ నుంచి వలస వచ్చి పుస్తకాల బైండింగు, తోలు సామాన్ల పని చేసేవాడు. తండ్రి చేసిన వస్తువులను తోపుడుబండిలో పెట్టుకుని కొనుగోలుదారుల ఇళ్లకు చేర్చడం పిల్లాడి పని. తీరిక దొరికితే ఇంటికి దగ్గర్లోని యంత్రాల మ్యూజియానికి వెళ్లి బొమ్మలు గీసుకునేవాడు. అక్కడ కున్యో అనే ఫ్రెంచి సైనిక ఇంజినీరు 18వ శతాబ్దంలో చేసిన ఆవిరి బండి ఉంది. ఫిరంగులను మోయడానికి చేసిన మూడు చక్రాల బండి అది. బరువు మోసే యంత్రంతో ఈ పిల్లాడి పరిచయం అలా మొదలైంది.

చదివింది ఫ్రెంచి బడిలో. చదువులో ముందుండేవాడు. పన్నెండేళ్ల వయసులో ఒక విద్యా సంఘం కంచు పతకం కూడా ఇచ్చింది. పై బడిలో చేరాల్సిన 1870లోనే ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. జర్మన్ కుటుంబాలు పారిస్ విడిచి వెళ్లాల్సి వచ్చింది. నిన్నటిదాకా అదే వీధిలో ఆడుకున్న పిల్లాడు ఒక్కరోజులో పరాయివాడయ్యాడు. కుటుంబం లండన్ చేరింది. అక్కడ బతుకు గడవడం కష్టమై, తల్లి అతన్ని ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపింది. జర్మన్ బాగా వస్తుందని, చదువు సాగుతుందని ఆమె ఆశ. బంధువు క్రిస్టోఫ్ బార్నికెల్ అక్కడి సాంకేతిక పాఠశాలలో లెక్కల మాస్టారు. యుద్ధంతో చిందరవందరైన దారుల్లో పన్నెండేళ్ల పిల్లాడు ఒంటరిగా ప్రయాణించి ఆ ఇంటికి చేరాడు.

ఇంటి భాషగా మాట్లాడిన జర్మన్‌లో ఇప్పుడు లెక్కలు, సైన్సు చదవాలి. ఇది ఎంత కష్టమో మన టీచర్లకు వేరే చెప్పనక్కర్లేదు. పద్నాలుగేళ్లకే తాను ఇంజినీరు కావాలనుకుంటున్నట్టు తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. 1873లో తరగతిలో అందరికంటే ముందు నిలిచి బడి ముగించాడు. రెండేళ్ల తర్వాత మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో ఉపకార వేతనం వచ్చింది. తల్లిదండ్రులకది నచ్చలేదు, త్వరగా సంపాదనలో పడాలన్నది వాళ్ల కోరిక. వాళ్లను మేం తప్పుపట్టం. యుద్ధం వల్ల ఊరు విడిచిన కుటుంబం, చేతికందొచ్చిన కొడుకు. అయినా అతను మ్యూనిక్ వెళ్లాడు. పెద్దయ్యాక ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లిషు మూడింట్లోనూ వ్యవహారం నడిపేవాడు.

మ్యూనిక్‌లో అతనికి పాఠం చెప్పినవాడు కార్ల్ లిండే, మంచు తయారుచేసే శీతల యంత్రాల నిపుణుడు. ఆవిరి యంత్రం బొగ్గులోని వేడిలో పదో వంతు కూడా పనిగా మార్చలేదని ఆ తరగతిలో విన్నాడు. తొంభై వంతులు పొగగొట్టంలోంచి గాలిలో కలుస్తున్నాయి. ఆ మాట అతన్ని వదల్లేదు. 1879లో టైఫాయిడ్ వచ్చి చివరి పరీక్ష తప్పిపోయింది. స్విట్జర్లాండ్‌లో విన్టర్‌టూర్ పట్టణంలోని సుల్జర్ కర్మాగారంలో కొన్నాళ్లు చేతిపని నేర్చుకుని, మరుసటి ఏడాది జనవరిలో పరీక్ష రాసి అత్యుత్తమ శ్రేణిలో నెగ్గాడు. తర్వాత పదేళ్లు పారిస్‌లో లిండే శీతల యంత్రాల పనిలోనే గడిపాడు. 1883లో పెళ్లి, ఆపై ముగ్గురు పిల్లలు. 1890లో బెర్లిన్ మారాడు.

ఇక ఆలోచన సంగతి. సైకిల్ పంపు నాలుగుసార్లు గట్టిగా కొట్టి, అడుగు భాగం ముట్టుకుని చూడమని పిల్లలకు చెప్పండి. వేడిగా ఉంటుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. చాలా గట్టిగా నొక్కితే ఆ వేడికి నూనె దానంతటదే అంటుకుంటుంది, నిప్పురవ్వ అక్కర్లేదు. అంత ఒత్తిడి నుంచి గాలి వ్యాకోచిస్తే ఎక్కువ వేడి పనిగా మారుతుంది. డీజిల్ పట్టుకున్న సూత్రం ఇది. 1893 ఫిబ్రవరిలో జర్మన్ పేటెంటు చేతికొచ్చింది, అదే ఏడాది పుస్తకమూ వచ్చింది. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం అధిపతి హైన్రిష్ బుజ్, ఉక్కు వ్యాపారులు క్రుప్ సంస్థవారు డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నారు. పిల్లాడిగా వచ్చి చేరిన ఊరికే మళ్లీ వచ్చాడు.

కాగితం మీద బాగానే ఉంది. 1893 ఆగస్టు 10న మొదటి పరీక్షలో నూనె అంటుకున్నమాట నిజం, కానీ ఒత్తిడిని కొలిచే పరికరం పేలిపోయింది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తనంతట తాను తిరిగింది, ఒక్క నిమిషం. ఆ నిమిషం నుంచి నమ్మదగ్గ యంత్రం దాకా ఇంకో మూడేళ్లు పట్టింది. 1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ప్రొఫెసర్ మోరిట్స్ ష్రోటర్ అధికారికంగా పరీక్షించి, వేడిలో 26.2 శాతం పనిగా మారుతోందని తేల్చాడు. ఆనాటి ఏ ఇంజనూ దాని దరిదాపుల్లో లేదు. మూడు మీటర్ల ఎత్తున్న ఆ యంత్రం ఇప్పుడు మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియంలో ఉంది.

అక్కడితో బడి పుస్తకం పేరా అయిపోతుంది. డీజిల్ కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

పరీక్ష నెగ్గగానే హక్కుల అమ్మకం జోరందుకుంది. అమెరికా హక్కులకు బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులిచ్చాడు. 1898లో పేటెంటు హక్కులన్నీ ఒక కొత్త కంపెనీకి 35 లక్షల మార్కులకు వెళ్లాయి. నలభై ఏళ్లకే డీజిల్ కోటీశ్వరుడనిపించుకున్నాడు. కానీ ష్రోటర్ పరీక్షించిన ఇంజనుకు పక్కన ఎప్పుడూ అది తయారుచేసినవాళ్లే ఉన్నారు. ఏ శబ్దం తేడా వచ్చినా వాళ్లకు తెలుసు. కెంప్టెన్ పట్టణంలోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి 1898లో వెళ్లిన రెండు సిలిండర్ల 60 హార్స్‌పవర్ ఇంజనుకు అలాంటి కాపలా ఎక్కడిది? అక్కడ పొద్దున బెల్లు కొట్టగానే తిరగాలి, సాయంత్రం దాకా ఆగకూడదు. నూనెను సిలిండర్లోకి ఊదడానికి విడిగా ఒక గాలి కంప్రెసరుండేది. దాని వాల్వులు, నూనెను తుంపర చేసే జల్లెడ, పిస్టన్ రింగులు, ఒక్కోటి ఒక్కో తలనొప్పి. ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ ఇంజన్ల కోసమే పెట్టిన కొత్త ఫ్యాక్టరీ నుంచి కొన్నవాళ్లు యంత్రాలు వెనక్కి పంపారు. ఆ ఫ్యాక్టరీ నిలబడలేదు. పాత కర్మాగారంలో ఇమానుయేల్ లౌస్టర్ వంటి ఇంజినీర్లు ఏళ్ల తరబడి ఓపికగా ఒక్కో భాగాన్నీ సరిచేస్తే ఇంజను బతికింది. మా లెక్కలో ఆవిష్కర్త పేరు పక్కనే రాయదగ్గ పేరు లౌస్టర్‌ది. డీజిల్ మాత్రం 1898లోనే నరాల నీరసంతో మ్యూనిక్‌లో ఆరోగ్య కేంద్రంలో చేరాల్సి వచ్చింది. డబ్బు భవనానికి, స్థలాలకు, గలీషియాలో చమురు బావులకు పోయింది. చాలావరకు తిరిగి రాలేదు.

1900 పారిస్ ప్రదర్శనలో అతని ఇంజనుకు గ్రాండ్ ప్రీ బహుమతి వచ్చింది. అక్కడ ఓ చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపారు. వేరుశనగ పండించే మన జిల్లాల పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. 1912 నాటికి సెలాండియా అనే డెన్మార్క్ ఓడ డీజిల్ ఇంజన్లతో సముద్రాలు దాటింది.

ఓడకు సరిపోయింది రైలుకు సరిపోలేదు. ఈ ముక్క దగ్గర కాస్త ఆగాలి. ఓడ చుక్కాని దగ్గర ప్రొపెల్లరు నీళ్లలో తేలిగ్గానే తిరగడం మొదలుపెడుతుంది. రైలు అలా కాదు, కదిలేటప్పుడే అన్నింటికంటే ఎక్కువ బలం కావాలి. ఆవిరి ఇంజను చక్రం తిరక్కముందే ఆవిరితో నెట్టగలదు. డీజిల్ ఇంజను ముందు తాను తిరుగుతుండాలి, అప్పుడే దానికి బలం. ఆగి ఉంటే దానికి బలం సున్నా. డీజిల్, క్లోజె అనే రైల్వే ఇంజినీరు, సుల్జర్ కంపెనీ కలిసి తయారుచేసిన పెద్ద రైలింజను 1912లో పట్టాలెక్కింది. మెయిన్ లైనుకు చేసిన మొదటి డీజిల్ రైలింజను అదే. దాంట్లో గేర్‌బాక్సు లేదు, క్లచ్ లేదు. ఇంజను నుంచి కడ్డీలతో నేరుగా చక్రాలకు బిగించారు. కదిలించడానికి నిల్వ ఉంచిన గాలిని సిలిండర్లలోకి వదిలేవారు, కాస్త వేగం అందుకున్నాక నూనె. స్విట్జర్లాండ్‌లో పరీక్షించి ప్రష్యా రైల్వేకు పంపారు. చెడిపోతూ వచ్చింది, కొద్దికాలానికే పక్కన పెట్టేశారు. ఇంజనుకూ చక్రానికీ మధ్య సర్దిచెప్పే మధ్యవర్తి లేకపోవడమే దాని పెద్ద లోపం.

ఆ మధ్యవర్తి అప్పటికే పుట్టి ఉన్నాడు. 1905లోనే హెర్మన్ ఫొటింగర్ అనే జర్మన్ ఇంజినీరు ఓడల ఆవిరి టర్బైన్ల కోసం ద్రవంతో బలాన్ని అందించే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటే వేయండి, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది. గాలి బదులు నూనె ఊహించుకోండి. ఇంజను తిరుగుతున్నా చక్రం ఆగి ఉండొచ్చు, ఇనుము ఇనుముతో ఒరుసుకోదు. మధ్యలో ఇంకో రెక్కల చక్రం నూనెను మళ్లిస్తే బలం పెరిగి మరీ అందుతుంది. ఇవాళ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో టార్క్ కన్వర్టర్ అనేది ఇదే.

డీజిల్‌కు, కన్వర్టర్‌కు కుదిరిన పెళ్లి కూడా సాఫీగా సాగిందేమీ కాదు. అమెరికాలో ఇళ్లముందు నిలిచే పికప్ ట్రక్కులు పడవల్ని, పశువుల ట్రెయిలర్లను లాగుతాయి. 1989లో డాడ్జ్ పికప్పులో కమ్మిన్స్ డీజిల్ ఇంజను పెట్టారు. హార్స్‌పవర్ 160 మాత్రమే, కానీ తక్కువ వేగంలోనే విపరీతమైన తిప్పుడు బలం. వెనకున్న మూడు గేర్ల ఆటోమేటిక్ మాత్రం పెట్రోలు కార్లకోసం 1960ల్లో పుట్టినది. బరువు లాగుతూ ఘాటెక్కేటప్పుడు కన్వర్టర్లో నూనె జారుతుంది, జారిన ప్రతి చుట్టూ వేడి అవుతుంది. నూనె మాడితే ఒత్తిడి తగ్గుతుంది, లోపలి క్లచ్ పళ్లేలు జారి కాలిపోతాయి. అందుకే గేర్‌బాక్సుకు వేరే నూనె కూలరు, కన్వర్టర్‌ను గట్టిగా బిగించి జారకుండా చేసే తాళం వచ్చాయి. 2001లో షెవర్లే, జీఎంసీ పికప్పులు బస్సులకు, లారీలకు గేర్‌బాక్సులు చేసే ఆలిసన్ కంపెనీ ఆటోమేటిక్‌ను తీసుకున్నాయి. బండి చిన్నదైనా పని లారీదేనని ఒప్పుకున్నట్టే. కెంప్టెన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో తేలిన సంగతే ఇక్కడా తేలింది.

ఇవేవీ డీజిల్ చూడలేదు. అతని ఇంజను లారీ ఎక్కడం కూడా చూడలేదు. కంప్రెసరు బరువు వదిలించుకుని అది లారీల్లోకి వచ్చేసరికి 1920లు వచ్చేశాయి. 1913 సెప్టెంబరు 29 సాయంత్రం బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు, కంపెనీ సమావేశానికి ఇంగ్లండ్ వెళ్తున్నాడు. ఇద్దరు సహచరులతో భోజనం చేసి, పొద్దున్నే లేపమని చెప్పి, పది గంటల ప్రాంతంలో గదికి వెళ్లాడు. తెల్లవారి చూస్తే పక్క నలగలేదు. టోపీ, మడిచిన కోటు డెక్కు మీద దొరికాయి. హత్య అన్నారు, ప్రమాదం అన్నారు. పుకార్లు ఇప్పటికీ ఆగలేదు. బయల్దేరే ముందు అతను భార్యకు ఒక సంచీ ఇచ్చి వారం దాకా తెరవొద్దన్నాడు. అందులో 20,000 మార్కుల నగదు, ఖాతాలన్నీ ఖాళీ అయ్యాయని చూపే కాగితాలు ఉన్నాయి. ఆ సంచీ చూశాక పుకార్లను నమ్మడం మాకు కష్టం.

పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవవాళ్లకు సముద్రంలో శవం కనిపించింది. జేబుల్లోని వస్తువులు తీసుకుని దేహాన్ని సముద్రానికే వదిలేశారు. మాత్రల డబ్బా, పర్సు, జేబు కత్తి, కళ్లద్దాల పెట్టె. అవి తండ్రివేనని చిన్న కొడుకు ఆయిగన్ గుర్తుపట్టాడు. ఆ కొడుకే 1937లో తండ్రి జీవిత చరిత్ర ప్రచురించాడు. అప్పటికి డీజిల్ ఇంజను లారీల్లోనే కాదు, కార్లలోనూ తిరుగుతోంది.