ఫ్రాన్స్వా లెవయాన్

ఫ్రాన్స్వా లెవయాన్ (ఆగష్టు 6, 1753 - నవంబర్ 22, 1824) ఫ్రెంచి యాత్రికుడు, పక్షి శాస్త్రజ్ఞుడు. ఆఫ్రికా ఖండపు దక్షిణ కొసలోని పక్షులను బ్రతికి ఉండగా గమనించి, వాటి అరుపులు, ఆహారం, గూళ్ళ గురించి విస్తారంగా రాసిన తొలి ఐరోపా రచయితలలో ఈయన ముఖ్యుడు. అయితే ఆయన రాసినదంతా నమ్మదగినది కాదు.

బాల్యం

దక్షిణ అమెరికాలో డచ్చి వలస అయిన సురినామ్‌లో, పరమరిబో పట్టణంలో జన్మించాడు. తండ్రి అక్కడ ఫ్రెంచి కాన్సలు. పక్షులను, పురుగులను సేకరించే అలవాటు చిన్ననాడే అబ్బింది. 1763లో కుటుంబం ఐరోపాకు వచ్చింది.

ఆఫ్రికా యాత్రలు

డచ్చి ఈస్టిండియా కంపెనీ కోశాధికారి యాకబ్ టెమింక్ ప్రోత్సాహంతో 1781లో కేప్ వలసకు చేరాడు. కొద్ది నెలలకే సల్దన్యా అఖాతంలో ఆంగ్లేయ నౌకాదళం డచ్చి ఓడలపై దాడి చేసింది. లెవయాన్ వస్తువులున్న ఓడ శత్రువు చేతికి చిక్కకుండా దాని కెప్టెనే దానిని పేల్చివేశాడు. ఆ సమయంలో వేటకు ఒడ్డుకు వెళ్ళిన లెవయాన్‌కు చేతిలోని తుపాకి, కొద్దిపాటి డబ్బు, కట్టుబట్టలు మాత్రమే మిగిలాయి. స్థానికుల సాయంతో నిలదొక్కుకొని, ఎడ్లబండ్లపై ముందు తూర్పుగా ఫిష్ నది వైపు, తరువాత ఉత్తరంగా ఆరెంజి నది వైపు రెండు యాత్రలు చేశాడు. 1784లో తిరిగి బయలుదేరేనాటికి రెండు వేలకు పైగా పక్షుల చర్మాలు సేకరించాడు. కీస్ అనే పెంపుడు కోతి ఆయన వెంట ఉండేది. తెలియని కాయలు, దుంపలు ముందు అది రుచి చూసిన తరువాతే బృందం తినేదట.

ఖోయ్‌ఖోయ్ జాతికి చెందిన క్లాస్ ఆయనకు నమ్మకమైన అనుచరుడు. అతడు తెచ్చి ఇచ్చిన ఒక చిన్న పచ్చ కోకిలకు లెవయాన్ అతని పేరే పెట్టాడు. ఒక ఖోయ్‌ఖోయ్ యువతి అసలు పేరు పలకడం కష్టమై, ఆమెను పువ్వు అనే అర్థంలో నరీనా అని పిలిచాడు. ఒక అందమైన ట్రోగన్ పక్షికి ఆ పేరు పెట్టాడు. సేకరణలో చెమటోడ్చిన స్థానికుల పేర్లు పుస్తకాలకెక్కడం ఆ కాలంలో అరుదు.

పరిశీలనలు

మన కోకిల కాకి గూటిలో గుడ్డు పెట్టడం తెలిసినదే. ఆఫ్రికాలోని డిడ్రిక్ కోకిల గిజిగాడు వంటి పక్షుల గూళ్ళలో గుడ్లు పెడుతుంది. ఆ పేరు దాని అరుపును బట్టి లెవయాన్ పెట్టినదే. కాల్చిన ఆడపక్షి గొంతులో గుడ్డు కనబడటంతో, అది తన గుడ్డును నోట కరచుకొని పరాయి గూటికి చేరుస్తుందని భావించాడు. కాని ఈ కోకిల నేరుగా గూటిలోనే గుడ్డు పెడుతుంది. పెట్టేటప్పుడు గూటివారి గుడ్డు నొకదానిని తీసివేస్తుంది. కనుక ఆయన చూసినది ఆ దొంగిలించిన గుడ్డే కావచ్చు.

రచనలు, విమర్శలు

యాత్రా గ్రంథాలు 1790లలో వెలువడి పలు భాషలలోకి అనువదింపబడ్డాయి. ఆఫ్రికా పక్షులపై ఆరు సంపుటాలు 1796 నుండి 1808 వరకు వచ్చాయి. లిన్నేయస్ ద్వినామ పద్ధతి ఆయనకు గిట్టదు. ఫ్రెంచి పేర్లే పెట్టాడు. అందుచేత ఆయన కనుగొన్న పక్షులకు శాస్త్రీయ నామాలు పెట్టిన ఘనత దొదాఁ, స్టీఫెన్స్ వంటి ఇతరులకు దక్కింది.

1857లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు సుండెవాల్ ఈ సంపుటాలను పరిశీలించి, వీటిలో చాలా పక్షులు ఆ ప్రాంతానివే కావని, కొన్ని వేర్వేరు పక్షుల ఈకలు అతికించి తయారైనవని తేల్చాడు. అతికించినది లెవయానో, ఆయనకు నమూనాలు అమ్మిన వర్తకులో చెప్పడం కష్టం. అయినా సొంత కంటితో చూసినవాటిని చూడనివాటితో కలిపివేసిన తప్పు మాత్రం ఆయనదే.

చివరి రోజులు

ఫ్రాన్సులో సెజాన్ సమీపంలోని లా నూలో పేదరికంలో మరణించాడు. పొట్టి తోకతో గాలిలో అటూ ఇటూ ఒరుగుతూ ఎగిరే ఒక గ్రద్దకు, వీధి విన్యాసాలు చేసేవాడనే అర్థంలో ఆయన పెట్టిన బాతెలర్ అనే పేరు నేటికీ వాడుకలో ఉంది. విషం పెట్టిన కళేబరాలు తినడం వంటి కారణాల వలన ఆ గ్రద్దల సంఖ్య తగ్గి, 2020లో అది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేరింది.