యంత్రమునకు పేరైన మనిషి – రుడాల్ఫ్ డీజిల్

కొందరు మహనీయుల పేర్లు శిలావిగ్రహముల క్రింద నిలిచి ఉంటాయి. మరికొందరి పేర్లు పాఠ్యగ్రంథములలో సూత్రముల పక్కన కనిపిస్తాయి. రుడాల్ఫ్ డీజిల్ పేరు మాత్రము పెట్రోలు బంకుల మీద, లారీల ట్యాంకుల మీద వ్రాసి ఉంటుంది. అది ఒక మనిషి పేరని తలచకుండానే మనము దానిని దినమునకు ఎన్నోసార్లు ఉచ్చరిస్తాము. కరెంటు తీగలు చేరని రోజులలో మన పల్లెల బావుల మీద నడిచిన ఆయిలింజను మొదలుకొని, తెల్లవారుజామున టమాటా బాక్సులతో మార్కెట్టుకు చేరే పికప్ బండి వరకు, అన్నింటిలోను ఆయన ఆలోచనయే పనిచేస్తున్నది. శక్తి అధికముగా ఉండవలెను, బరువు లాగే బలము అధికముగా ఉండవలెను, ఇంధనము మాత్రము స్వల్పముగా ఖర్చు కావలెను – ఈ మూడు కోరికల మధ్య సమతూకము కోసము జీవితమును ధారపోసిన ఆ ఇంజనీరు చరిత్రను మేము ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపదలచినాము.

బాల్యము – విద్య

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరములో జన్మించాడు. తండ్రి థియోడర్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణము నుండి వలస వచ్చిన బుక్ బైండరు. తోలు సామాను కూడ తయారుచేసేవాడు. తల్లి ఎలీజ్‌ది న్యూరెంబర్గ్ కుటుంబము. ఇంటిలో శ్రమకు కొదవ లేదు, సంపదకే కొదవ. తయారైన వస్తువులను ఖాతాదారుల ఇండ్లకు చేర్చే పని బాలునిది. తీరిక దొరికినప్పుడు పారిస్‌లోని సాంకేతిక ప్రదర్శనశాలకు పోయి, పాత ఆవిరి యంత్రముల ఎదుట కూర్చుండి వాటి బొమ్మలు గీసుకొనేవాడు.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధము వచ్చినది. జర్మను కుటుంబములు పారిస్ విడిచిపోక తప్పలేదు. డీజిల్ కుటుంబము లండను చేరినది. పన్నెండేండ్ల రుడాల్ఫ్‌ను అక్కడినుండి ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపినారు. ఆ ఇంటి యజమాని గణితోపాధ్యాయుడు. తల్లిదండ్రులకు దూరమైన బాలునికి చదువే తోడైనది. పదునాలుగవ ఏటనే తాను ఇంజనీరును కాదలచినట్లు తల్లిదండ్రులకు ఉత్తరము వ్రాసినాడు. ఫ్రెంచి, జర్మను, ఇంగ్లీషు మూడు భాషలు ఆయనకు అలవడినవి. తరువాతి కాలమున దేశదేశములలో ఉపన్యసించుటకు అవే అక్కరకు వచ్చినవి. ఉర్దూ, తెలుగు రెంటి నడుమ చదువుకొనే మన విద్యార్థులు ఈ సంగతి గమనింపదగును.

1875లో ప్రతిభా విద్యార్థి వేతనముతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో ప్రవేశించాడు. అక్కడ శీతలీకరణ యంత్రముల నిర్మాత అయిన కార్ల్ ఫాన్ లిండే ఆయనకు ఆచార్యుడు. ఒకనాటి పాఠములో లిండే ఆవిరి యంత్రము యొక్క దక్షతను వివరిస్తూ, బొగ్గులోని ఉష్ణములో నూటికి పది పాళ్లకు మించి పనిగా మారుట లేదని తెలిపినాడు. నూటికి తొంబది పాళ్లు పొగగొట్టము పాలగుట ఆ విద్యార్థిని నిద్రపోనీయలేదు. ఆదర్శ ఉష్ణయంత్రము ఎట్లుండవలెనో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కార్నో 1824లోనే సిద్ధాంతీకరించినాడు. ఆ సిద్ధాంతమును ఇనుములో పోతపోయవలెనని డీజిల్ సంకల్పించుకొన్నాడు. 1879లో విషజ్వరము సోకి పరీక్షలకు ఆటంకమైనను, 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు.

పిదప లిండే సంస్థ తరఫున పారిస్‌లోని మంచు కర్మాగారములో పనిచేసి, ఏడాది తిరుగకముందే దాని అధిపతి అయినాడు. 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడినాడు. వారికి ముగ్గురు సంతానము. పగలు మంచు తయారీ, రాత్రి యంత్రచింతన. మొదట నీటి ఆవిరికి బదులు అమ్మోనియా ఆవిరితో యంత్రము నడుపబోయినాడు. ఆ ప్రయోగములో ప్రేలుడు సంభవించి కొన్ని నెలలు ఆసుపత్రి పాలైనాడు. అయినను పట్టు విడువలేదు. 1890లో కుటుంబముతో బెర్లిన్ చేరి, కొత్త మార్గములో ఆలోచన సాగించినాడు.

సిద్ధాంతము – సాధన

ఆ కొత్త మార్గమేదో విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. సైకిలు ట్యూబులో గాలి కొట్టునప్పుడు పంపు వేడెక్కుట మనమందరము ఎరిగినదే. గాలిని అణచినకొద్దీ వేడి పెరుగును. సిలిండరులో గాలిని మిక్కిలిగా అణచి, ఆ మండే వేడిలోనికి ఇంధనమును చల్లినచో, నిప్పురవ్వతో పని లేకుండ అది తనంతట తానే అంటుకొనును. సంపీడనము ఎంత హెచ్చినచో దక్షత అంత హెచ్చును. డీజిల్ ఊహకు ఇదియే మూలము. 1893 ఫిబ్రవరిలో ఆయనకు జర్మను పేటెంటు లభించినది. అదే సంవత్సరము తన సిద్ధాంతమును గ్రంథరూపమున ప్రకటించినాడు.

ఆ గ్రంథములోని లెక్కలు అద్భుతములు. గాలిని 250 వాతావరణ పీడనముల వరకు అణచవచ్చుననియు, సిద్ధాంతరీత్యా దక్షత నూటికి డెబ్బది దాటుననియు అందులో చూపినాడు. అయితే అంత పీడనమునకు తట్టుకొనే లోహము, బిగుతు ఆనాడు ఎక్కడున్నవి? అంతేకాదు, అంత గాలిని అణచుటకే యంత్రము తన బలమంతా ఖర్చుపెట్టుకొనును. రాపిడికి పోగా బయటి పనికి మిగిలేది స్వల్పము. ఈ సత్యమును డీజిల్ స్వయముగా గుర్తించి, పీడనమును అంతకంతకు తగ్గించుకొని, తుదకు నలుబది వాతావరణముల లోపునకు దిగివచ్చినాడు. పొదుపులో కొంత వదలుకొన్నప్పుడే శక్తి చేతికి వచ్చినది.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారాధిపతి హైన్రిఖ్ ఫాన్ బూట్స్, క్రుప్ సంస్థ కలసి ప్రయోగములకు పెట్టుబడి పెట్టినారు. 1893 ఆగస్టు 10న మొదటి పరీక్ష. ఇంధనము సిలిండరులో పడినంతనే పెనుశబ్దముతో ప్రేలి, పీడనమును కొలిచే సాధనము ముక్కలైపోయినది. ప్రాణాపాయము తప్పినది, గాలి వేడికే ఇంధనము అంటుకొనునన్న సంగతి మాత్రము రుజువైనది. 1894 ఫిబ్రవరి 17న యంత్రము మొదటిసారి తన బలముతో తాను ఒక నిమిషము తిరిగినది. బెల్టు బిగువులో వచ్చిన మార్పును కనిపెట్టిన పనివాడు మాట పలుకక టోపీ తీసి డీజిల్‌కు అభివాదము చేసినాడని చెబుతారు.

ఆ ఒక్క నిమిషమును నమ్మదగిన పనిగా మార్చుటకు మరి మూడేండ్లు పట్టినది. 1897 ఫిబ్రవరి 17న ఆచార్య మోరిట్స్ ష్రోటర్ యంత్రమును అధికారికముగా పరీక్షించినాడు. సుమారు 20 అశ్వశక్తి గల ఆ ఏకసిలిండరు యంత్రపు దక్షత నూటికి 26.2 పాళ్లు. గ్రంథములోని లెక్కతో పోల్చిన ఇది మూడవ వంతు. ఆనాటి ఆవిరి యంత్రములతో పోల్చిన రెండింతలకు పైమాటే. ఆ యంత్రము నేడు మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియములో భద్రముగా ఉన్నది.

కీర్తి – క్లేశము

కీర్తి ఒక్కసారిగా వచ్చి పడినది. అమెరికా హక్కులను అడోల్ఫస్ బుష్ అనే వ్యాపారి పది లక్షల మార్కులకు కొన్నాడు. తోలు సామాను మోసిన బాలుడు కోటీశ్వరుల సరసన కూర్చున్నాడు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ జాతి యంత్రమొకటి వేరుశనగ నూనెతో నడిచి చూపరులను ఆశ్చర్యపరచినది. వేరుశనగ పండించే మన రాయలసీమ వాసులకు ఇది ఆసక్తి కలిగించే విషయము. 1912లో డెన్మార్కు ఓడ సెలాండియా డీజిల్ యంత్రములతో కోపెన్‌హేగన్ నుండి బ్యాంకాక్ వరకు సముద్రయానము చేసినది.

కాని కీర్తి వెనుక క్లేశము కూడ నడిచినది. మొదట అమ్మిన యంత్రములు కొనుగోలుదారుల వద్ద తరచు చెడిపోయినవి. పేటెంటు మీద వ్యాజ్యములు వచ్చినవి. 1898లో ఆయన ఆరోగ్యము పూర్తిగా దెబ్బతిని చికిత్సాలయములో చేరవలసి వచ్చినది. మరొక వేదన అంతకన్న లోతైనది. పెద్ద ఆవిరి యంత్రములు పెద్ద కర్మాగారములకే మేలు చేసి చేతిపనివారిని అణగద్రొక్కుచున్నవనియు, చిన్నదైన పొదుపు యంత్రము వారిని తిరిగి నిలబెట్టుననియు ఆయన ఆశించినాడు. 1903లో శ్రామికుల సహకార జీవనమును ప్రతిపాదిస్తూ ఒక గ్రంథము కూడ వ్రాసినాడు. దానికి ఆదరణ దొరకలేదు. ఇంధనమును సిలిండరులోనికి ఊదుటకు వేరొక గాలి యంత్రము అవసరమగుటచేత ఆయన యంత్రము బరువైనదిగా, ఖరీదైనదిగా మిగిలిపోయి, మిల్లులకు, ఓడలకు, జలాంతర్గాములకు మాత్రమే చేరినది.

రోడ్డు మీద, పట్టాల మీద దానిని నడుపవలెనని కూడ ప్రయత్నించినాడు. 1912లో స్విట్జర్లాండులోని సుల్జర్ సంస్థతో కలసి డీజిల్ రైలింజను సిద్ధమైనది. యంత్రమునకు, చక్రములకు మధ్య గేర్లు లేవు. డీజిల్ యంత్రము నిలిచి ఉన్నప్పుడు దానికి లాగే బలము శూన్యము; బండి కదలుటకే బలము ఎక్కువ కావలెను. అందుచేత అణచిన గాలితో బయలుదేరదీసి, వేగము వచ్చిన పిదప ఇంధనము అందించవలసి వచ్చినది. ఆ రైలింజను నిత్యసేవకు పనికిరాలేదు. శక్తి ఉండుట వేరు, లాగే బలము అవసరమైన క్షణమున అందుట వేరు అని ఆ ప్రయోగము లోకమునకు నేర్పినది.

చివరి ప్రయాణము

యంత్రములో ఇంధనపు బొట్టు బొట్టును లెక్కించిన ఆయన, సొంత లెక్కలలో అంతటి జాగ్రత్త చూపలేదు. మ్యూనిక్‌లో రాజభవనము వంటి ఇల్లు కట్టించినాడు. స్థలముల బేరములలో, చమురు బావుల వ్యాపారములో ధనము పోగొట్టుకొన్నాడు. అప్పులు పెరిగినవి, భార్యకు సైతము వాటి నిజస్వరూపము తెలియనీయలేదు.

1913 సెప్టెంబరు 29 సాయంకాలము లండనులో ఒక సమావేశము కొరకు ఆంట్‌వర్ప్ రేవులో డ్రెస్‌డెన్ అనే ఓడ ఎక్కినాడు. ఇద్దరు సహచరులతో భోజనము చేసి, ఉదయము ఆరుంబావుకు లేపుమని చెప్పి, రాత్రి పది గంటల వేళ తన గదికి పోయినాడు. తెల్లవారి గదిలో ఆయన లేడు. పడక నలగలేదు. టోపీ, కోటు పైతట్టున కటకటాల దగ్గర కనిపించినవి. కొన్ని దినముల తరువాత ఒక డచ్చి పడవవారికి సముద్రములో శవము కనబడినది. వారు దాని జేబులలోని వస్తువులు మాత్రము తీసుకొని శరీరమును కడలికే విడిచినారు. ఆ వస్తువులను చూచి కుమారుడు ఆయిగెన్ అవి తండ్రివేనని గుర్తించినాడు. ఆయన వయస్సు అప్పటికి 55 ఏండ్లు. ఆత్మహత్యయా, ప్రమాదమా, హత్యయా అనునది నేటికిని తేలలేదు.

ఆయన వెనుక ఆయన యంత్రము

డీజిల్ కన్న కలను ఇతరులు పూర్తిచేసినారు. ప్రాస్పర్ లోరాంజ్ 1909లో గాలి యంత్రముతో పని లేని ముందుగది పద్ధతి కనిపెట్టినాడు. 1923–24లో జర్మనీలో డీజిల్ లారీలు రోడ్డెక్కినవి. 1927లో బాష్ సంస్థ ఇంధన పంపును విరివిగా తయారుచేయ నారంభించినది. వృథాగా పోయే పొగతోనే గాలిని లోపలికి నెట్టే టర్బోకు స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుఖీ 1905లోనే పేటెంటు పొందియుండెను. అది తరువాత చిన్న బండ్లకు కూడ వచ్చినది.

అమెరికాలో 1989 నమూనా డాడ్జ్ పికప్‌లో అమర్చిన 5.9 లీటర్ల కమిన్స్ యంత్రము ఇందుకు చక్కని తార్కాణము. దాని అశ్వశక్తి 160 మాత్రమే. ఆనాటి పెద్ద పెట్రోలు యంత్రములకు అంతకన్న ఎక్కువే ఉండెను. కాని చక్రమును తిప్పే బలము 400 పౌండు-అడుగులు, అదియు స్వల్ప వేగముననే. గుఱ్ఱము పరుగెత్తగలదు, బురదలో దిగిన బండిని నెమ్మదిగా లాగవలెనన్న ఎద్దు కావలెను. డీజిల్ యంత్రము ఎద్దు వంటిది. ట్రెయిలరును, పశువుల బండిని కట్టి లాగే అమెరికా రైతులు దానిని ఆదరించుటకు ఇదియే హేతువు.

అయినను మూడు కోరికలును ఒక్కసారి పూర్తిగా తీరవు. ఇంధనము ఎక్కువగా చల్లినచో శక్తి హెచ్చును. గాలి చాలక నల్లపొగ వచ్చును, యంత్రము అధికముగా వేడెక్కును. వెనుక ఇరుసు పండ్ల నిష్పత్తి పెంచినచో లాగే బలము హెచ్చును. యంత్రము అదే వేగమునకు ఎక్కువ చుట్లు తిరిగి నూనె త్రాగును. నిష్పత్తి తగ్గించినచో ఖాళీ బండికి మైలేజి వచ్చును; బరువుతో ఘాట్ ఎక్కునప్పుడు రొప్పును. పికప్‌కు నిర్ణయించిన బరువునకు మించి ఎక్కించినచో ఇంజను లాగవచ్చును గాని బ్రేకులు ఆపజాలవు. వీటికి తోడు నేడు నాలుగవ కోరిక చేరినది: పొగలోని మసి, నత్రజని వాయువులు తగ్గవలెను. 2020 ఏప్రిల్ నుండి మన దేశమున అమలైన బి.ఎస్.6 నియమములు అందుకొరకే. ఎవరి పని ఎంత బరువు, ఏ దారి, ఎంత దూరము అని ముందు తూచుకొని, దానికి తగిన బండిని ఎంచుకొనుటయే వివేకము.

నేటి లారీ యంత్రముల దక్షత నూటికి నలుబది దాటినది. పెద్ద ఓడల యంత్రములలో సగమునకు చేరినది. డీజిల్ పుస్తకములో వ్రాసిన అంకె మాత్రము ఇప్పటికిని ఎవరికిని అందలేదు. అందని ఆదర్శమును చూపినందులకు ఆయనను గౌరవింపవలెను. దానిని పని కొరకు తగ్గించుకొన్నందులకు మరింతగా గౌరవింపవలెను. ఇనుముతో రాజీ కుదుర్చుకొన్న ఆ మేధావి అప్పుతో, గర్వముతో రాజీ కుదుర్చుకొనలేకపోయినాడు. కష్టము ఇంటివారికైనను చెప్పుకొనలేకపోయినాడు. పట్టాలు పుచ్చుకొని లోకములోనికి అడుగిడబోయే మా విద్యార్థులు ఆయన యంత్రము నుండి శాస్త్రమును, ఆయన జీవితము నుండి జాగరూకతను నేర్చుకొందురని ఆశిస్తున్నాము.