అనుమతికి ముందే తెరిచిన బడి

పీడిత సమూహాలకు చదువు ఎలా అందిందన్న ప్రశ్నకు మనకు బాగా అలవాటైన జవాబు ఒకటుంది. ఎవరో ఉదారులు వచ్చారు, బడి పెట్టారు, అక్షరం నేర్పారు. ఆ కథలో ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనుంచే వస్తుంది. అమెరికాలో నల్లజాతి బాలికల చదువు కోసం కతోలిక సన్యాసినుల సభను స్థాపించిన మదర్ మేరీ ఎలిజబెత్ లాంజ్ జీవితాన్ని కూడా చాలాకాలం అలాగే చెప్పుకున్నారు. ఫ్రెంచి గురువు ఫాదర్ జేమ్స్ జుబేర్‌ను స్థాపకుడిగా ముందు నిలిపి, ఆమెను ఆయనకు అందివచ్చిన సహాయకురాలిగా చూపారు. తేదీలు మాత్రం వేరే సంగతి చెబుతాయి.

లాంజ్ క్యూబాలోని సాంటియాగోలో ఫ్రెంచి మాట్లాడే శరణార్థుల మధ్య పెరిగారు. నేటి హైతీ అప్పట్లో ఫ్రెంచి వలస. అక్కడ 1791లో బానిసలు తిరగబడ్డాక తెల్లవారితోపాటు స్వేచ్ఛాయుత నల్లజాతి కుటుంబాలు కూడా కరీబియన్ దీవులకు, అమెరికా రేవు పట్టణాలకు చెదిరిపోయాయి. ఆ వలస ప్రవాహంలోనే ఆమె 1810ల నాటికి మేరీల్యాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ చేరారు. అది బానిసత్వం చట్టబద్ధంగా సాగుతున్న రాష్ట్రం. అయినా ఆ నగరంలో బానిసలకన్నా స్వేచ్ఛ పొందిన నల్లవారి సంఖ్యే ఎక్కువ. ఆ స్వేచ్ఛ ఎంతపాటిదో బడి విషయంలో తేలిపోతుంది. 1829లో నగరం ప్రభుత్వ పాఠశాలలు తెరిచి వాటిని తెల్లపిల్లలకే పరిమితం చేసింది. నల్లపిల్లల చదువు బాధ్యతను నగరం తలకెత్తుకున్నది అంతర్యుద్ధం ముగిసిన తర్వాత, 1867లో.

ఈ పరిస్థితిలో లాంజ్, ఆమె స్నేహితురాలు మేరీ బలాస్ ఫెల్స్ పాయింట్ ప్రాంతంలో తమ ఇంట్లోనే, తమ ఖర్చుతోనే ఉచితంగా బడి నడిపారు. ఏ బిషప్పునూ అడగలేదు, ఏ సంస్థ పేరూ పెట్టుకోలేదు. అదే రేవుపేటలో, 1820లలోనే, ఒక బానిస బాలుడికి యజమానురాలు అక్షరాలు నేర్పడం మొదలుపెడితే, చదువుకున్న బానిస ఇక బానిసగా మిగలడని భర్త అడ్డుపడ్డాడు. ఆ బాలుడే తర్వాత ఫ్రెడరిక్ డగ్లస్ అయ్యాడు. అక్షరానికి ఎంత బలముందో యజమానులకు బాగా తెలుసు. లాంజ్‌కూ తెలుసు.

ఆదివారం మతబోధకు వచ్చే నల్లపిల్లలకు చదవడం రాకపోవడం జుబేర్‌ను ఆలోచనలో పడేసింది. ఉపాధ్యాయుల కోసం వెతుకుతూ ఆయన లాంజ్ దగ్గరకు వచ్చారు. అప్పటికే దాదాపు పదేళ్లుగా పాఠాలు చెబుతున్న స్త్రీని ఆయన కలిశారన్నమాట. 1828లో కొత్త పాఠశాల మొదలైంది. 1829 జూలై 2న లాంజ్, బలాస్, రోజీన్ బోగ్, థెరీసా దుషమిన్ సన్యాస వ్రతాలు స్వీకరించారు. ఆబ్లేట్ సిస్టర్స్ ఆఫ్ ప్రావిడెన్స్ అనే ఆ సభ అమెరికాలో నల్లజాతి స్త్రీలు స్థాపించి నిలబెట్టుకున్న మొదటి కతోలిక సన్యాసినుల సభ. 1831లో పోపు 16వ గ్రెగొరీ ఆమోదం లభించింది.

ఇక్కడ ఆగి ఆ చర్చి ఎలాంటిదో చూడాలి. బాల్టిమోర్ తొలి బిషప్పు జాన్ కారల్‌కు బానిసలుండేవారు. మేరీల్యాండ్ జెస్యూట్ గురువులు 1838లో 272 మంది బానిసలను లూసియానా తోటల యజమానులకు అమ్మేశారు. అలాంటి చర్చిలో నల్ల స్త్రీ సన్యాసిని వస్త్రం ధరించి వీధిలో నడవడాన్ని చాలామంది తెల్ల కతోలికులు అపచారంగానే భావించారు. సేవ అవసరమైనప్పుడు మాత్రం అభ్యంతరాలు లేవు. 1832లో కలరా విజృంభించినప్పుడు నగర ధర్మాశ్రమంలో రోగుల సేవకు నలుగురు సిస్టర్లు కావాలన్నారు. వెళ్లిన నలుగురిలో లాంజ్ ఒకరు.

ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఘట్టం 1835 నాటిది. తెల్లవారైన గురువిద్యార్థులు చదువుకునే సెయింట్ మేరీస్ సెమినరీలో వంట, ఇంటిపనుల నిర్వహణ చూసుకోమని సిస్టర్లను కోరారు. డబ్బు అవసరం, కాదనలేని పరిస్థితి. లాంజ్ ఒప్పుకుంటూనే సెమినరీ అధిపతికి షరతులతో ఉత్తరం రాశారు. నల్లవారిగానూ సన్యాసినులుగానూ ఒకేసారి బతకడంలోని ఇబ్బందిని అందులో దాచలేదు. తాము ధరించిన వస్త్రానికి తగిన మర్యాద దక్కాలని, అక్కడి ఇతర పనివారితో పనికి మించిన సంబంధం తమపై రుద్దకూడదని స్పష్టంగా కోరారు. ఇందులో తోటి పనివారి నుంచి దూరం జరిగే ధోరణి ఉందని ఎవరైనా విమర్శించవచ్చు, ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కానీ చాకిరీని అంగీకరించి హీనతను తిరస్కరించడం ఎంత కష్టమో వెలివాడల నుంచి వచ్చినవారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

1843లో జుబేర్ మరణించాక సభ దిక్కులేనిదైంది. ఆర్చిబిషప్పు ఎక్లెస్టన్ ఆసక్తి చూపలేదు. సిస్టర్లు బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, కుట్టుపనులు చేసి పొట్టపోసుకున్నారు. బడి మాత్రం మూయలేదు. 1847లో ఫాదర్ థాడియస్ అన్వాండర్ ఆర్చిబిషప్పును బతిమాలి బాధ్యత తీసుకునేదాకా ఇలాగే గడిచింది.

ఈ మధ్యకాలంలోనే, 1845లో, థెరీసా దుషమిన్ సభ విడిచి మిషిగన్ వెళ్లారు. ఆమె తల్లి నల్లజాతి స్త్రీ, తండ్రి తెల్లవాడు. చర్మం తెల్లగా ఉండటంతో అక్కడ జాతి ప్రస్తావన లేకుండా మరో సన్యాసినుల సభకు సహస్థాపకురాలయ్యారు. శ్వేతజాతి సభగా ఎదిగిన ఆ సంస్థ చరిత్రలో స్థాపకురాలి జాతి దశాబ్దాలపాటు కప్పబడిపోయింది. ఇంటిపేరు మార్చుకుని నగరాల్లో బతికే మనవాళ్ల కథలు తెలిసినవారికి ఇది వింత కాదు. లాంజ్‌కు ఆ దారి లేదు. ఉన్నా తొక్కేవారని నేననుకోను.

1857లో అమెరికా సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో నల్లవారు ఆ దేశ పౌరులు కాలేరని తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ మేరీల్యాండ్ కతోలికుడు, బాల్టిమోర్‌లో న్యాయవాదిగా పనిచేసినవాడు. ఒకే నగరం, ఒకే విశ్వాసం. అప్పటికి లాంజ్ వ్రతం పుచ్చుకుని 28 ఏళ్లు.

జ్యోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరీని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం చేశారు. ఆయన, సావిత్రిబాయి పుణెలో 1848లో బాలికల బడి తెరవడానికి రెండు దశాబ్దాల ముందే ఒక నల్ల స్త్రీ అదే పని చేసిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో లేదు. మన క్రైస్తవ విద్యా చరిత్రల్లోనూ విదేశీ మిషనరీల పేర్లుంటాయి, వాడల్లో పలకా బలపం పట్టించిన దళిత బైబిల్ స్త్రీల పేర్లు అరుదు. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య తన 2016 నాటి విధాన పత్రంలో చర్చిలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది. హైదరాబాద్ ఆర్చిబిషప్పు పూల అంథోని 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం దళిత క్రైస్తవులను ఎస్సీ జాబితా బయటే ఉంచుతోంది.

లాంజ్ 1882 ఫిబ్రవరి 3న మరణించారు. 2023లో పోపు ఫ్రాన్సిస్ ఆమెను పూజ్యురాలిగా ప్రకటించారు. ఆమె మొదలుపెట్టిన సెయింట్ ఫ్రాన్సెస్ పాఠశాల బాల్టిమోర్‌లో ఇప్పటికీ నడుస్తోంది, నగర జైళ్ల సముదాయానికి పక్కనే.