గుంటూరు పురిటి గదుల్లో వెలుగు నింపిన డాక్టర్ కుగ్లర్

గుంటూరు: పురిటినొప్పులు మొదలైన స్త్రీకి మంత్రసాని, ఇంటి పెద్దలు, దైవం తప్ప వేరే దిక్కులేని రోజులవి. పరదా పాటించే కుటుంబాల్లో ప్రాణం మీదకు వచ్చినా పరపురుషుడైన వైద్యుడు గడప దాటి లోపలికి రావడం జరిగేది కాదు. వచ్చినా నాడి చూడటానికే అభ్యంతరాలు. బిడ్డ అడ్డం తిరిగితే తల్లీబిడ్డలిద్దరిపై ఆశ వదులుకోవలసిందే. కాన్పు సవ్యంగా జరిగినా బాలింత జ్వరం కాచుకుని ఉండేది. అటువంటి కాలంలో, 1883 నవంబరులో, ఇరవై ఏడేళ్ల అమెరికా యువతి ఒకరు గుంటూరు చేరుకున్నారు. ఆమే అన్నా సారా కుగ్లర్. అప్పటికి గుంటూరు ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉంది. రైలుమార్గం కూడా ఊరికి రాలేదు.

1856 ఏప్రిల్ 19న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో ఆమె జన్మించారు. స్త్రీలు వైద్యవిద్య అభ్యసించడాన్ని అమెరికాలోనే వింతగా చూసే రోజుల్లో, ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టా పుచ్చుకున్నారు. భారత స్త్రీల వైద్యచరిత్రలో ఈ కళాశాలకు ప్రత్యేక స్థానముంది. 1870లో బరేలీకి వచ్చి ఉత్తరాదిన స్త్రీలకు వైద్యం ఆరంభించిన క్లారా స్వెయిన్ అక్కడి విద్యార్థినే. పాశ్చాత్య వైద్యంలో పట్టా పొందిన తొలితరం భారతీయ మహిళల్లో ఒకరైన ఆనందీబాయి జోషీ చదివింది కూడా అక్కడే. ఆనందీబాయి చదువు కోసం ఇక్కడి నుంచి సముద్రం దాటి వెళ్లిన 1883లోనే, కుగ్లర్ వైద్యం చేయడానికి అటునుంచి ఇటు బయలుదేరారు. యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం.

చదువు ముగిశాక ఆమె నారిస్‌టౌన్‌లోని మానసిక వ్యాధుల ఆసుపత్రిలో పనిచేశారు. మంచి ఉద్యోగం, స్వదేశంలో గౌరవం ఉన్నాయి. గుంటూరు ప్రాంతంలో పనిచేస్తున్న లూథరన్ మిషనరీ ఆడం రో నుంచి 1882లో వచ్చిన లేఖ ఆ జీవితాన్ని మలుపు తిప్పింది. ఇక్కడి స్త్రీలకు వైద్యురాలు ఎంత అవసరమో ఆయన అందులో వివరించారు.

వైద్యురాలికి బడి పని

వెళ్తానని ఆమె ముందుకు వచ్చినా, పంపవలసిన మహిళా మిషనరీ సంఘం మాత్రం సిద్ధంగా లేదు. వైద్యసేవ చేపట్టే ఆలోచన తమకు లేదని, కావాలంటే ఉపాధ్యాయినిగా, జెనానా స్త్రీలకు చదువు చెప్పే పనికి వెళ్లవచ్చునని తేల్చింది. పట్టభద్రురాలైన వైద్యురాలికి పలకా బలపం చేతికివ్వడం ఎంత విడ్డూరమో వేరే చెప్పనక్కర లేదు. ఆమె వాదులాటకు దిగలేదు. ఆ షరతుకే ఒప్పుకుని, మందులపెట్టె సర్దుకుని ఓడ ఎక్కారు.

గుంటూరులో పగలు బాలికల పాఠశాలల బాధ్యత, తెలుగు నేర్చుకోవడం. రోగులు మాత్రం సంఘం తీర్మానాల కోసం ఆగలేదు. వైద్యం తెలిసిన దొరసాని వచ్చిందన్న వార్త ఇంటింటికీ పాకింది. మొదటి ఏడాదిలోనే, అధికారికంగా వైద్యురాలు కాకుండానే, ఆమె నాలుగు వందల మందికి పైగా వైద్యం చేశారు. కొందరు ఆమె ఉంటున్న ఇంటికి వచ్చేవారు. మరికొందరి ఇళ్లకు ఆమే వెళ్లవలసి వచ్చేది. రెండేళ్ల తరవాత, 1885 డిసెంబరులో, మిషన్ పెద్దలు దిగివచ్చి ఆమెను వైద్య మిషనరీగా నియమించారు.

ఇళ్లలోకి ప్రవేశం దొరికినంత మాత్రాన పని సులువు కాలేదు. అన్యమతస్థుల చేతి నీళ్లు ముట్టని కుటుంబాల్లో నీళ్లలో కలిపిన మందు పుచ్చుకోవడమే పెద్ద చిక్కు. గాలీ వెలుతురూ చొరని పురిటి గదులు. కాన్పు కష్టమై మంత్రసాని చేతులెత్తేశాక, ఆఖరి క్షణంలో వచ్చే పిలుపులు. ముందే పిలిస్తే బతికేవారని తెలిసీ కళ్లెదుట ప్రాణం పోవడం చూడటం ఏ వైద్యునికైనా నరకమే. ఇళ్ల చుట్టూ తిరిగితే ఇది తీరేది కాదని, స్త్రీల కోసమే ఒక ఆసుపత్రి ఉండాలని ఆమె గ్రహించారు.

ఆసుపత్రికి పునాది

1889లో సెలవుపై స్వదేశం వెళ్లిన కుగ్లర్ ఆ కాలాన్ని విశ్రాంతికి వాడుకోలేదు. వైద్యంలో మరింత శిక్షణ పొందుతూనే ఆసుపత్రికి అక్కడి చర్చి మహిళల నుంచి విరాళాలు పోగుచేశారు. 1891లో తిరిగి వచ్చారు. 1893లో డిస్పెన్సరీ భవనం ప్రారంభమైంది. ఆసుపత్రికి శంకుస్థాపన కూడా ఆ ఏడే జరిగింది. 1898 నాటికి రోగులు పడకలపై ఉండి వైద్యం పొందుతున్నారు. వెల్లూరులో ఐడా స్కడర్ వైద్యసేవ మొదలుపెట్టింది 1900లో అన్న సంగతి గుర్తుంచుకుంటే గుంటూరు ఎంత ముందుందో బోధపడుతుంది. వెల్లూరు పేరు దేశమంతా తెలుసు. కుగ్లర్ పేరు మన జిల్లా ఎల్లలు దాటి అంతగా వినిపించకపోవడం విచారకరం.

భవనం ఒక్కటే ఆసుపత్రి కాదు. రాత్రీ పగలూ రోగి పక్కన నిలిచే చేతులు కావాలి. 1894లో అమెరికా నుంచి నర్సు కేథరిన్ ఫాస్ రావడంతో ఆ లోటు తీరే దారి కనిపించింది. స్థానిక యువతులకు నర్సు శిక్షణ మొదలైంది. ఇతరుల మలమూత్రాలు, రక్తం ముట్టుకునే పని అంటే అగ్రవర్ణ కుటుంబాలు అసహ్యించుకునే రోజులు కనుక, తొలి తరం నర్సుల్లో అత్యధికులు క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలే. వారిలో చాలామందివి ఊరి బయట బతుకులు. ఎవరి నీడ సోకరాదని పెద్దిళ్లవారు తొలగి నడిచేవారో, ఆ కులాల బిడ్డలే తెల్లని బట్టలు కట్టి జ్వరపీడితుల నుదుట చేయి వేసి చూశారు. ఈ మార్పు చప్పుడు లేకుండా జరిగింది. దానికి సభలు లేవు, తీర్మానాలు లేవు. 1895లో డాక్టర్ మేరీ బేర్ కూడా వచ్చి చేరడంతో కుగ్లర్ భారం కొంత తగ్గింది.

మతప్రచారం ఆసుపత్రి లక్ష్యాల్లో ఒకటన్నది దాచవలసిన విషయం కాదు. ఆమె మిషనరీగానే వచ్చారు, మిషనరీగానే జీవించారు. అయినా హిందూ, ముస్లిం కుటుంబాల స్త్రీలు వెరపు లేకుండా ఆ గుమ్మం తొక్కారు. ఏలూరు జమీందారు, మంజువాణి పత్రికను నడిపిన సాహితీవేత్త రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దూరు ఉదంతం ఇందుకు సాక్ష్యం. తన భార్యకు కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల వెంట వచ్చే హిందూ బంధువులు తమ ఆచారం ప్రకారం వండుకు తిని ఉండేందుకు ఆయన ఆసుపత్రి చెంత ఒక వసతిగృహం కట్టించారు. దూరప్రాంతాల నుంచి వంటసామగ్రితో బండి కట్టుకుని వచ్చేవారికి ఆ నీడ ఎంత ఊరటో ఊహించుకోవచ్చు. మడి కట్టుకున్న అత్తగారు కోడలి పురుడు అయ్యేదాకా అక్కడ నిశ్చింతగా ఉండగలిగితేనే ఆ కోడలు ఆసుపత్రికి వస్తుంది మరి.

ప్రభుత్వం 1905లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ప్రకటించింది. చీరాల, రెంటచింతలల్లో మిషన్ ఆసుపత్రులు వెలయడంలోనూ ఆమె కృషి ఉంది. ఆనాడు ఈ రెండూ గుంటూరు జిల్లావే. 2022 పునర్విభజనతో చీరాల బాపట్ల జిల్లాకు, రెంటచింతల పల్నాడు జిల్లాకు చేరాయి.

మనవరాలి కాన్పు దాకా

కుగ్లర్ పెళ్లి చేసుకోలేదు. సొంత బిడ్డలు లేరు. అయితే 1886 ప్రాంతంలో ఆమె చేతిలో పుట్టిన ఆడపిల్లకు, ఆనాటి చిన్నతనపు పెళ్లిళ్ల లెక్కన, 1930 నాటికి మనుమలు ఉండటంలో వింత లేదు. తల్లికి పురుడు పోసిన ఊళ్లోనే కూతుళ్ల కాన్పులూ, వారి బిడ్డల కాన్పులూ చూసే ఆయుర్దాయం ఆమెకు దక్కింది. ఆ వరస చూస్తే గుంటూరులో ఎన్ని గడపలకు ఆమె అమ్మమ్మ అవుతారో లెక్క కట్టడం కష్టం.

డెబ్భై ఏళ్లు దాటాక, 1928లో, గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రను ఆమే పుస్తకంగా రాశారు. అనారోగ్యం బాధిస్తున్నా స్వదేశంలో శేషజీవితం గడపాలని కోరుకోలేదు. 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఈ నేలపై అడుగుపెట్టి అప్పటికి నలభై ఆరేళ్లు దాటాయి. బడిపంతులమ్మగా పంపిన మిషన్ కట్టిన ఆ ఆసుపత్రికి ఆమె మరణానంతరం కుగ్లర్ పేరే పెట్టారు.