ఆకాశం కోసం పాతాళానికి...

కేజీఎఫ్‌: ఛాంపియన్‌ రీఫ్‌ గనిలో బంగారం కోసం దిగినవాళ్ల కథలు మారికుప్పం, ఊరిగాం వీధుల్లో ఎవర్ని కదిపినా చెబుతారు. అదే గనిలోకి దాదాపు మైలున్నర లోతుకు, ఆకాశం నుంచి వచ్చే కిరణాల జాడ వెతకడానికి దిగినవాళ్లూ ఉన్నారు. ఆ దారి చూపించిన మనిషి హోమీ జహంగీర్‌ భాభా. అణుశక్తి పితామహుడని బడిపుస్తకాల్లో చదువుకున్న ఆ భాభాకు మన కోలారు జిల్లాతో ఇంత చుట్టరికం ఉందని తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువే.

తాతది మైసూరు కొలువు

1909 అక్టోబరు 30న బొంబాయిలో పార్శీ కుటుంబంలో పుట్టారు. తాత హోర్ముస్‌జీ మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్‌ జనరల్‌. కోలారు ఆ సంస్థానంలోదే కదా, అలా తాత నాటి నుంచే ఈ నేలతో సంబంధం. ఇంటినిండా పుస్తకాలు, పాశ్చాత్య సంగీతం రికార్డులు. బొమ్మలు బాగా గీసేవారు. ఇంజినీరై జంషెడ్‌పూర్‌ ఉక్కు కర్మాగారంలో చేరాలన్నది పెద్దల కోరిక. 1927లో కేంబ్రిడ్జి పంపిస్తే, అబ్బాయి మనసు భౌతికశాస్త్రం మీద పడింది. ముందు ఇంజినీరింగ్‌లో ఫస్ట్‌క్లాస్‌ తెచ్చుకో, తర్వాత నీ ఇష్టం అన్నది తండ్రి షరతు. తెచ్చేసుకున్నారు.

ఆకాశం నుంచి రాత్రీ పగలూ మన మీద కంటికి కనబడని వాన కురుస్తూనే ఉంటుంది. అవే విశ్వకిరణాలు. పైనెక్కడో గాలిని తాకిన ఒక్క కణం రెండై, నాలుగై, ఎనిమిదై జల్లులా ఎలా దిగుతుందో 1937లో వాల్టర్‌ హైట్లర్‌తో కలిసి లెక్కగట్టి చూపించారు. ఆ కిరణాల్లో కనబడిన ఒక కణానికి మీసాన్‌ అన్న పొట్టి పేరు చాలునని 1939లో వాదించిందీ ఆయనే. అదే నిలిచింది.

ఆ ఏడాదే సెలవులకు ఇంటికొచ్చారు. యుద్ధం మొదలైంది, తిరిగి వెళ్లే వీల్లేదు. సర్‌ సి.వి.రామన్‌ ఉన్న బెంగళూరు ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సైన్స్‌లో చేరిపోయారు. నాలుగు రోజులు ఉందామని వచ్చిన మనిషి దేశంలోనే ఉండిపోవడానికి ఈ బెంగళూరు ఏళ్లే కారణం. యుద్ధ కాలంలో అక్కడి నుంచి ఎగిరే అమెరికా సైనిక విమానాల్లో పరికరాలు పెట్టించి, పైపైకి పోయేకొద్దీ కిరణాలెలా మారతాయో కొలిపించారు. 1945లో టాటాల అండతో టాటా మౌలిక పరిశోధన సంస్థ పెట్టింది మొదట బెంగళూరులోనే. ఆ ఏడాది చివర్లో బొంబాయికి మార్చారు.

రెండు నెలలు... ఒక్కటీ రాలేదు

పైకి చూసింది చాలదు, కిందికీ దిగి చూడాలనుకున్నారు భాభా. విశ్వకిరణాల్లో మ్యూయాన్లని ఉంటాయి. అరచెయ్యి చాపితే సెకనుకు ఒకటో రెండో దాని గుండా దూసుకుపోతాయి. రాయిలోకీ చొచ్చుకుపోతాయి. ఎంత లోతుకు? తేల్చాలంటే లోతైన గుంత కావాలి. ప్రపంచంలోనే అతి లోతైన గనుల్లో ఒకటి బెంగళూరు పక్కనే ఉండె! పైగా కోలారు రాయి మామూలు రాయి కంటే బరువు. 1950ల మొదట్లో యువ పరిశోధకుడు బి.వి.శ్రీకంఠన్‌ను పరికరాలతో ఇక్కడికి పంపించారు.

దిగేకొద్దీ మ్యూయాన్లు పలచబడ్డాయి. 1960ల మొదట్లో జపాన్‌కు చెందిన మియాకే, మనవాళ్లు నరసింహం, రమణమూర్తి దాదాపు 9 వేల అడుగుల లోతున పరికరం పెట్టి రెండు నెలలు కాపు కాశారు. ఒక్కటీ రాలేదు. ఇంకొకరైతే శ్రమ దండగ అనుకునేవారే. కానీ ఆ నిశ్శబ్దమే అసలు కబురు. అంత లోతున ఏదైనా కనబడిందంటే అది న్యూట్రినో పనే అయ్యుండాలి. న్యూట్రినోకు భూమి అడ్డే కాదు. భూగోళం అవతలి వైపు గాలిలో పుట్టినా ఇంత భూమినీ దాటి ఇటు వచ్చేస్తుంది. కోటికొక్కటిగా ఎప్పుడో రాయిని తాకి మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. పైనుంచి కాక పక్క నుంచి మ్యూయాన్‌ వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

టాటా సంస్థ, ఇంగ్లండ్‌ డర్హం, జపాన్‌ ఒసాకా సిటీ విశ్వవిద్యాలయాలు కలిసి సుమారు 7,500 అడుగుల లోతున పరికరాలు అమర్చాయి. ఎం.జి.కె.మీనన్‌ ముందుండి నడిపించారు. గాలిలో పుట్టిన న్యూట్రినోల జాడ దొరికింది. ఆ పత్రం 1965 ఆగస్టు 15న అచ్చయింది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో అదే వేటలో ఉన్న బృందం పత్రం రెండు వారాల తర్వాత వచ్చింది. రాయే కాలిపోయే ఆ వేడిలో, ఎప్పుడు రాక్‌బరస్ట్‌ అవుతుందో తెలియని చోట, గాలీ కరెంటూ అందించింది మన గని కార్మికులే. వాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

అదే 1965లో హిందూపురం పక్కన గౌరీబిదనూరులో భూకంప పరికరాల వరుస వెలిసింది. ప్రపంచంలో ఎక్కడ భూమి కింద అణుపరీక్ష చేసినా పసిగట్టడానికి భాభా అణుశక్తి సంస్థ, బ్రిటన్‌ వాళ్లతో కలిసి పెట్టింది. గౌరీబిదనూరు అప్పుడు కోలారు జిల్లాయే. 2007లో చిక్కబళ్లాపురంలో కలిసింది.

చెట్టు కొట్టనివ్వలేదు

అణుశక్తి మంచిదా చెడ్డదా అన్న తగవు వేరే. మనిషిగా మాత్రం భాభాకు చెట్లంటే ప్రాణం. కొలాబాలో సంస్థ కట్టేటప్పుడు భవనంతో పాటు తోట కూడా ఎలా ఉండాలో ఆయనే దగ్గరుండి చూసుకున్నారు. నగరంలో కొట్టేయబోయిన పెద్ద చెట్లను వేళ్లతో సహా తవ్వించి తెచ్చి నాటించారు. ట్రాంబేలోనూ అంతే. పెళ్లి చేసుకోలేదు. ప్రయోగశాలలు, తోటలు, బొమ్మలు, సంగీతం... ఇవే సంసారం.

న్యూట్రినో పత్రం అచ్చయిన అయిదు నెలలకు, 1966 జనవరి 24న, వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి బయల్దేరారు. ఎక్కిన ఎయిరిండియా విమానం పేరు కాంచనజంగ. ఆల్ప్స్‌లో మౌంట్‌ బ్లాంక్‌ను ఢీకొంది. 117 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆయనకు 56 ఏళ్లు.

గనిలో ప్రయోగాలు ఆగలేదు. 1980ల్లో ప్రోటాన్‌ క్షయం కోసం వెతికారు. 1990ల మొదట్లో అవీ ముగిశాయి. గాలి న్యూట్రినోలను పట్టుకునే పనిని జపాన్‌ వాళ్లు కమియోకా గనిలో కొనసాగించి, 2015లో నోబెల్‌ అందుకున్నారు. ఇక్కడ 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పంపులు ఆపేశాక నీళ్లు ఊరుతూ వచ్చాయి. గాలిలో పుట్టిన న్యూట్రినోలు దొరికిన ఆ లోతంతా ఇప్పుడు నీళ్ల పాలు. పైన సైనైడ్‌ దిబ్బలు మిగిలాయి. గాలి వీస్తే వాటి దుమ్ము ఊళ్లోకి వస్తుంది.