తొలి ఆటలో ఓడి, పతకంతో తిరిగివచ్చిన రహీం సాహెబ్

హైదరాబాదు దేశానికి ఇచ్చిన క్రీడాకారుల పేర్లు చెప్పమంటే నేటి యువకులు క్రికెట్‌తో మొదలుపెట్టి బ్యాడ్మింటన్, టెన్నిస్ దగ్గర ఆగిపోతారు. ఫుట్‌బాల్ మాట ఎత్తేవారు అరుదు. కాని ఒకప్పుడు భారత ఫుట్‌బాల్ జట్టును ప్రకటిస్తే చాలు, అందులో మన జంటనగరాల కుర్రాళ్లు ఎందరున్నారో వీధి అరుగుల మీద, ఇరానీ హోటళ్లలో లెక్కపెట్టుకునేవారు. ఆ కుర్రాళ్లలో చాలామందిని తీర్చిదిద్దిన వ్యక్తి ఒక బడిపంతులు. ఆయనే జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం.

2024లో ఆయన జీవితం ఆధారంగా 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాక ఆ పేరు మళ్లీ నలుగురి నోటా వినిపించింది. సినిమా సినిమాయే. దానిని పక్కనబెట్టి ఆయన జీవితాన్ని మరో వైపు నుంచి చూద్దాం. ఏ టోర్నమెంటులోనైనా తొలి ఆట శిక్షకుడికి గడ్డు పరీక్ష. నెలల తరబడి చేయించిన సాధన ఆ ఒక్క ఆటలో తేలిపోతుంది. ఓడితే సరిదిద్దుకోవడానికి ఒకటి రెండు రోజులకు మించి గడువుండదు. రహీం సాహెబ్ భారత జట్టుతో ఇలాంటి తొలి ఆటలు ఎన్నో చూశారు. కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు. ఒక్కోసారి ఆ తొలి ఆటే చివరి ఆట కూడా అయింది.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఆడారు. పట్టభద్రులయ్యాక ఉపాధ్యాయ వృత్తి చేపట్టి కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటపాటల బాధ్యతను కూడా భుజాన వేసుకున్నారు. ఈ పంతులుగిరీయే ఆయన శిక్షణకు పునాది అని మా అభిప్రాయం. ఏ పిల్లవాడికి ఏ పాఠం ఎక్కడం లేదో కనిపెట్టడం మంచి ఉపాధ్యాయుని లక్షణం. మైదానంలోనూ ఆయన చేసింది ఆ పనే.

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్న కాలంలో ఆయన విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని పరుగుతీయడం నిషిద్ధం. అందిన బంతిని వెంటనే తోటివాడికి అందించవలసిందే. మరో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో తన్నాలన్నమాట. చూసేవారికి ఇది వినోదం. ఆడేవారికి మాత్రం తెలియకుండానే రెండో కాలు పనిలోకి వచ్చేది. బంతిని సొంత ఆస్తిలా దాచుకునే అలవాటు వదిలేది.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బాధ్యత ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాది మొదలుకొని 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే. కలకత్తా మేటి జట్లకు సైతం ఇది మింగుడుపడని విషయం. భారత జట్టు శిక్షకుడి బాధ్యత ఆయనను వెతుక్కుంటూ రావడానికి ఇంతకంటే సిఫారసు అక్కరలేకపోయింది.

1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. తొలి ఆటలో మనవారు ఇండోనేషియాను 3-0తో ఓడించారు. సెమీఫైనల్లో అఫ్ఘానిస్థాన్‌పై కూడా అంతే తేడాతో నెగ్గారు. ఫైనల్లో మేవాలాల్ చేసిన ఒకే ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం అందుకున్నారు. అన్నట్టు, అవే క్రీడల్లో వాటర్ పోలోలోనూ స్వర్ణం మనదే. ఆ సంగతి ఇప్పుడు ఎందరికి గుర్తుందో!

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో తొలి ఆట చేదుగా ముగిసింది. ఎదుటి జట్టు యుగోస్లావియా. చల్లని వాతావరణం, తడి నేల. మనవారిలో చాలామంది బూట్లు లేకుండా ఒట్టి కాళ్లతో దిగారు. ఫలితం 10-1. ఒక్క ఆటతోనే ఇంటిముఖం పట్టవలసివచ్చింది. ఆ ఓటమి తరువాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. ఒట్టి కాళ్ల ఆటలో ఒక అందం ఉందని వాదించేవారు అప్పట్లో లేకపోలేదు. పది గోల్స్ పడ్డ తరువాత ఆ వాదనకు బలం ఎక్కడిది?

నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్. హంగరీ జట్టు తప్పుకోవడంతో మనవారి తొలి ఆటే క్వార్టర్ ఫైనల్ అయింది. ప్రత్యర్థి ఆతిథ్య దేశం ఆస్ట్రేలియా. రహీం సాహెబ్ వెంట వెళ్లిన వారిలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామన్ వంటి మనవారున్నారు. సగం ఆట ముగిసేసరికి చెరి రెండు గోల్స్. రెండో సగంలో నెవిల్ డిసౌజా మూడో గోలు చేసి హ్యాట్రిక్ పూర్తి చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియావాసి ఆయనే. కృష్ణస్వామి నాలుగో గోలు కొట్టారు. 4-2తో గెలిచి ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ చరిత్రకెక్కింది. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. ఈసారి మనవారే ముందుగా గోలు చేశారు గాని చివరకు 4-1తో ఓడారు. కాంస్యం ఆటలో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు.

1960లో రోమ్‌లో తొలి ఆట హంగరీతో. బలరామన్ ఒక గోలు చేసినా 2-1తో ఓటమి తప్పలేదు. అయినా ప్రపంచంలోని గొప్ప జట్లలో ఒకదానితో ఇంత దగ్గరగా ఆడారంటే, ఎనిమిదేళ్ల కిందటి పది గోల్స్ నుంచి రహీం సాహెబ్ జట్టును ఎంత దూరం నడిపించారో తెలుస్తుంది. తరువాత ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేశారు. పెరూ చేతిలో మాత్రం ఓడారు.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు ఆగస్టు 24న మొదలయ్యాయి. అప్పటికే రహీం సాహెబ్ ఆరోగ్యం క్షీణిస్తున్నది. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వేళ్లూనుకున్నది. తొలి ఆట దక్షిణ కొరియాతో. 1956, 1960 సంవత్సరాల్లో ఆసియా కప్పు గెలిచిన జట్టది. వేగంలోనూ దమ్ములోనూ మనవారిని మించినవారు. 2-0తో మనం ఓడిపోయాం.

ఈ ఓటమి అర్థమేమిటో ఒకసారి చూడండి. గ్రూపులో నాలుగు జట్లు. రెండింటికే సెమీఫైనల్ ప్రవేశం. మిగిలినవి థాయిలాండ్, జపాన్‌లతో రెండు ఆటలు. ఒక్కటి పోయినా ఇంటికే. ఇలాంటి వేళ చాలామంది శిక్షకులు ఆటగాళ్ల మీద విరుచుకుపడతారు, లేదా జట్టునంతా తారుమారు చేస్తారు. రహీం సాహెబ్ ఈ రెండూ చేయలేదు. పి.కె. బెనర్జీ, కెప్టెన్ చునీ గోస్వామి, బలరామన్ అనే ముగ్గురు ఫార్వర్డ్‌ల మీద ఉంచిన నమ్మకాన్ని సడలించలేదు. థాయిలాండ్‌పై 4-1తో గెలిచారు. ఆ నాలుగు గోల్స్ కొట్టింది ఈ ముగ్గురే. జపాన్‌పై 2-0. ఆ రెండూ పి.కె., బలరామన్‌లవే.

గెలుపుతో పాటు గాయాలూ వచ్చాయి. వెనుక వరుసలో గోడలా నిలిచే జర్నైల్ సింగ్‌కు తలపై దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరంతో మంచం పట్టారు. వెనుక ఆడేవాడికి తలకు కుట్లుంటే మరెవరైనా ఇంకొకరిని వెతుక్కుంటారు. రహీం సాహెబ్ మాత్రం జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. మాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఈ నిర్ణయమే. పోటీల నడుమ, సెమీఫైనల్ వంటి ఆటలో, ఒక డిఫెండర్‌కు గోలు కొట్టే పని అప్పగించడం ఎంతటి సాహసం! దక్షిణ వియత్నాంపై 3-2తో నెగ్గిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోలు చేశారు. రెండు చునీ గోస్వామివి.

ఇంతలో మైదానం వెలుపల మరో చిక్కు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ఇండోనేషియా ప్రభుత్వం వీసాలు నిరాకరించింది. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనరాదని భారత ప్రతినిధి జి.డి. సోంధి అభ్యంతరం తెలిపారు. జకార్తా జనం మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. మన ఆటగాళ్లు బయట తిరగడమే కష్టమైంది. సోంధి చెప్పినదాంట్లో న్యాయం ఉండవచ్చు. దాని ఫలితం అనుభవించింది మాత్రం పదకొండుమంది కుర్రాళ్లు, ఒక జబ్బుమనిషి.

ఫైనల్ ముందు రాత్రి ఎవరికీ కంటిమీద కునుకు లేదని ఆటగాళ్లు తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. రహీం సాహెబ్ తమను పిలిచి, రేపు తనకు ఒక కానుక కావాలని, అది స్వర్ణ పతకమని అడిగారట. ఆయన జబ్బు ఎంత ముదిరిందో అప్పటికి వారికి పూర్తిగా తెలియదు.

సెప్టెంబరు 4. సెనాయన్ స్టేడియంలో దాదాపు లక్షమంది ప్రేక్షకులు. అత్యధికులు మనవారిని ఎగతాళి చేస్తూ అరుస్తున్నవారే. హాకీ ఫైనల్లో మనలను ఓడించిన పాకిస్థాన్ జట్టు సభ్యులు మాత్రం మన జట్టును ఉత్సాహపరిచారని ఆనాటి ఆటగాళ్లు కృతజ్ఞతతో తలచుకునేవారు. ఎదురుగా మళ్లీ కొరియాయే. తొమ్మిది పది రోజుల కిందట తమను ఓడించిన జట్టు! జ్వరం నుంచి లేచిన తంగరాజ్‌ను రహీం సాహెబ్ గోలు ముందు నిలబెట్టారు. జర్నైల్ మళ్లీ ముందు వరుసలోనే. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. మూడు నిమిషాల తరువాత, తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ గోలు! కొరియా ఆట చివరలో ఒకటి తిరిగి చేసింది గాని అప్పటికే సమయం మించిపోయింది. 2-1తో స్వర్ణం మనదైంది. తొలి ఆటలో రెండు గోల్స్ తేడాతో గెలిచిన జట్టునే చివరి ఆటలో ఓడించారు.

మరుసటి ఏడాది 1963 జూన్ 11న రహీం సాహెబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభైనాలుగేళ్లు కూడా నిండలేదు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లోగాని మొదలుకాలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు దక్కింది 1970లో బ్యాంకాక్‌లో ఒక్క కాంస్యమే. ఆయన కుమారుడు ఎస్.ఎ. హకీం కూడా ఇదే దారిలో నడిచారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో సభ్యుడైన హకీం తరువాత అంతర్జాతీయ రెఫరీగా, శిక్షకుడిగా పేరు తెచ్చుకుని 2021లో మరణించారు. జకార్తా ముగ్గురు ఫార్వర్డ్‌లలో పి.కె., చునీ 2020లో వెళ్లిపోగా, అమ్ముగూడ బలరామన్ 2023 ఫిబ్రవరిలో తుదిశ్వాస విడిచారు.