ఎమ్మా గేట్‌వుడ్

ఎమ్మా రొవీనా గేట్‌వుడ్ (అక్టోబరు 25, 1887 - జూన్ 4, 1973) సుదూర కాలినడక యాత్రలకు పేరు పొందిన అమెరికా మహిళ. స్వదేశంలో ఈమె గ్రాండ్మా గేట్‌వుడ్, అనగా గేట్‌వుడ్ మామ్మ, అనే పేరుతో సుప్రసిద్ధురాలు. 1955లో, 67 సంవత్సరాల వయసులో, సుమారు 3,300 కిలోమీటర్ల పొడవున్న అపలాచియన్ కాలిబాటను ఒకే యాత్రలో ఒంటరిగా నడిచి పూర్తిచేసిన తొలి మహిళగా ఈమె చరిత్రకెక్కింది. గుడారం గానీ, నిద్రసంచి గానీ, పర్వతారోహకులు వీపుకు తగిలించుకొనే పెద్ద సంచి గానీ ఈమె వద్ద లేవు. స్వయంగా కుట్టుకున్న ఒక గుడ్డసంచిలో కొద్దిపాటి వస్తువులు పెట్టుకొని, దానిని భుజాన వేసుకొని నడిచింది. ఆ వస్తువులలో ముఖ్యమైనవి ఒకటికి మించిన అవసరాలకు ఉపయోగపడేవి. తక్కువ బరువుతో ఎక్కువ దూరం నడిచే పద్ధతికి ఈమెను మార్గదర్శిగా నేటి పాదచారులు గౌరవిస్తారు.

బాల్యం

ఎమ్మా ఒహాయో రాష్ట్రంలోని గాలియా కౌంటీలో, ఒక పేద రైతు కుటుంబంలో జన్మించింది. తల్లిదండ్రుల 15 మంది సంతానంలో ఈమె ఒకతె. తండ్రి హ్యూ కాల్డ్‌వెల్ అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుడు. కాలు పోగొట్టుకున్న తరువాత అతడు తాగుడుకు, జూదానికి అలవాటు పడ్డాడు. దానితో పిల్లల పెంపకం భారమంతా తల్లి మీద పడింది. కుటుంబమంతా దుంగలతో కట్టిన ఇంటిలో నివసించేది. పిల్లలు నలుగురేసి చొప్పున ఒక్కొక్క మంచం మీద నిద్రించేవారు.

ఎమ్మా చదువు ఎనిమిదవ తరగతితో ఆగిపోయింది. అయినప్పటికీ ఆమె విజ్ఞాన సర్వస్వాలను, గ్రీకు ప్రాచీన సాహిత్యాన్ని తనంతట తానుగా చదువుకున్నది. పద్యాలు కూడా వ్రాసేది. అడవిలో దొరికే మొక్కలలో ఏవి తినదగినవో, ఏవి మందుకు పనికివస్తాయో నేర్చుకున్నది. ఉన్నదానితో సర్దుకొనడం, పాతదానిని మరొక పనికి మలచుకొనడం ఆ ఇంటిలో నిత్యకృత్యాలు. వృద్ధాప్యంలో ఆమె చేసిన యాత్రలకు ఈ అలవాట్లే ఆధారమయ్యాయి.

వివాహ జీవితం

1907 మే 5న, 19 సంవత్సరాల వయసులో, ఎమ్మాకు పెర్రీ క్లేటన్ గేట్‌వుడ్‌తో వివాహం జరిగింది. కళాశాలలో చదువుకున్న అతడు అప్పటికి బడిపంతులుగా పనిచేస్తున్నాడు. తరువాత పొగాకు పండించే రైతు అయ్యాడు. వారికి 11 మంది పిల్లలు కలిగారు. ఎమ్మా ఇంటిపనితో పాటు పొలం పనులు కూడా చేసేది.

పెళ్ళి అయిన కొద్దికాలానికే భర్త ఆమెను కొట్టడం మొదలుపెట్టాడు. ఈ హింస మూడు దశాబ్దాలకు పైగా సాగింది. అనేక పర్యాయాలు ఆమె తీవ్రంగా గాయపడింది. భర్త నుండి తప్పించుకొనడానికి ఆమె దగ్గరలోని అడవిలోకి వెళ్ళి, అతని కోపం చల్లారేవరకూ అక్కడ గడిపేది. అడవి ఆమెకు విహారస్థలం కావడానికి ముందే ఆశ్రయమయింది.

1939లో జరిగిన ఒక గొడవ తరువాత పోలీసులు భర్తను కాక, గాయపడిన ఎమ్మానే నిర్బంధించారు. ఆమె స్థితిని గమనించిన ఆ చిన్న పట్టణపు మేయరు ఆమెను విడిపించి తన ఇంటిలో ఆశ్రయమిచ్చాడు. 1941లో ఆమె విడాకులు పొందింది. అప్పటికి తన వద్దనే ఉన్న చిన్నపిల్లలను పెంచి పెద్దచేసింది. పిల్లలందరూ స్థిరపడిన తరువాత, అరవై ఏళ్ళు దాటిన వయసులో, ఆమెకు మొదటిసారిగా తన ఇష్టప్రకారం గడిపే తీరిక దొరికింది.

అపలాచియన్ కాలిబాట

అమెరికా తూర్పు భాగంలోని అపలాచియన్ పర్వతాల మీదుగా ఒక కాలిబాట ఉండాలని బెంటన్ మెకాయ్ 1921లో ప్రతిపాదించాడు. 1937 నాటికి ఆ బాట పూర్తయింది. ఇది దక్షిణాన జార్జియా నుండి ఉత్తరాన మెయిన్ వరకు 14 రాష్ట్రాల గుండా సాగుతుంది. 1948లో ఎర్ల్ షాఫర్ ఒకే యాత్రలో ఈ బాట మొత్తాన్ని నడిచి అందరి దృష్టినీ ఆకర్షించాడు. 1952లో మిల్‌డ్రెడ్ నార్మన్ అనే మహిళ ఒక సహచరునితో కలిసి ఈ దూరాన్ని నడిచింది. కానీ ఒంటరిగా ఒకే యాత్రలో పూర్తిచేసిన మహిళ అప్పటివరకూ ఎవరూ లేరు.

నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1949 ఆగస్టు సంచికలో ఈ బాటను గురించి ఒక వ్యాసం వెలువడింది. కొన్నేళ్ళకు ఆ సంచిక ఎమ్మా కంటబడింది. బాట పొడవునా చక్కని గుర్తులు ఉన్నాయని, ఒక రోజు నడకకు ఒకటి చొప్పున బస చేసే షెడ్లు ఉన్నాయని ఆమెకు ఆ వ్యాసం వలన తోచింది. అంతదూరం నడవడం తనకు సాధ్యమేనని ఆమె నిశ్చయించుకున్నది.

1954 - మొదటి ప్రయత్నం

1954 జూలైలో, 66 సంవత్సరాల వయసులో, ఎమ్మా మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ పర్వతం నుండి దక్షిణ దిశగా బయలుదేరింది. కొద్దిరోజులకే రెయిన్‌బో సరస్సు ప్రాంతంలో దారి తప్పింది. ఆమె కళ్ళద్దాలు పగిలిపోయాయి. తెచ్చుకున్న ఆహారం దాదాపు అయిపోయింది. వెతుకుతూ వచ్చిన అటవీ సిబ్బంది నచ్చజెప్పడంతో ఆమె ఇంటికి తిరిగి వెళ్ళింది. ఈ వైఫల్యం గురించి ఆమె తన పిల్లలకు చెప్పలేదు. మరుసటి సంవత్సరం బాట రెండవ కొస నుండి, అనగా జార్జియా నుండి, బయలుదేరాలని నిర్ణయించుకున్నది.

ప్రయాణ సామగ్రి

ఎమ్మా సంచి ముతక డెనిమ్ గుడ్డతో కుట్టినది. నోటివద్ద త్రాడు లాగి కట్టే ఆ సంచిని ఆమె ఒక భుజాన వేలాడదీసుకొనేది. ఆహారంతో కలిపి దాని బరువు సాధారణంగా 9 కిలోలు మించేది కాదు. ఆ కాలంలో దూరయాత్రికులు మోసే బరువు తరచుగా ఇందుకు రెట్టింపు ఉండేది.

ఆమె వస్తువులలో ఎక్కువ ప్రసిద్ధి పొందినది షవర్ కర్టెన్, అనగా స్నానాల గదిలో నీళ్ళు చిందకుండా వ్రేలాడదీసే ప్లాస్టిక్ తెర. నీటిని పీల్చుకొనని ఈ తెర వానలో ఆమెకు ఆచ్ఛాదనగా ఉపయోగపడేది. ప్లాస్టిక్ షీటుతో ఆమె తయారుచేసుకున్న వాన కప్పడానికి కూడా రెండు ఉపయోగాలు ఉండేవి. నడిచేటప్పుడు అది మనిషినీ, సంచినీ కలిపి కప్పేది. నేల తడిగా ఉన్నచోట అదే క్రింద పరచుకొనే పట్టా అయ్యేది. గుడారానికి బదులు ఈ ప్లాస్టిక్ ముక్కలు, నిద్రసంచికి బదులు సైన్యంలో వాడే రకపు దుప్పటి, పరుపుకు బదులు పోగుచేసిన ఎండుటాకులు ఆమెకు సరిపోయేవి. చలి ఎక్కువగా ఉన్న రాత్రులలో బల్లపరుపు రాళ్ళను మంటలో వేడిచేసి వాటిపై పడుకొనేది. అడవిలో దొరికేదానిని మోసుకుపోనక్కరలేదన్న సూత్రం ఇందులో కనిపిస్తుంది.

కాళ్ళకు ఆమె తోలుబూట్లు కాక తేలికపాటి కాన్వాసు బూట్లు ధరించేది. పాదాలకు తగిలించిన బరువును అడుగడుగునా ఎత్తవలసి వస్తుంది కాబట్టి, అది వీపుమీద మోసే బరువుకంటే ఎక్కువ అలసట కలిగిస్తుంది. కాన్వాసు బూట్లు తడిసినా త్వరగా ఆరిపోతాయి. కానీ త్వరగా అరిగిపోతాయి కూడా. అందువలన ఆమె దారిలో అనేక జతలు మార్చవలసి వచ్చింది.

ఇవి కాక ఒక చిన్న చాకు, టార్చిలైటు, గాయాలకు వేసే పట్టీలు, అయొడిన్ సీసా, నొప్పులకు రాసుకొనే లేపనం, జడపిన్నులు, ఒక చిన్న నోటుపుస్తకం, కలం ఆమె వద్ద ఉండేవి. ఎవరి ఇంటికైనా వెళ్ళవలసి వస్తే వేసుకొనడానికి, దులిపి తొడుక్కోదగిన ఒక గౌను కూడా తీసుకువెళ్ళింది. ఎండుద్రాక్ష, వేరుశెనగలు, పాలపొడి, డబ్బాలలో నిలవచేసిన చిన్న సాసేజిలు ఆమె ముఖ్య ఆహారం. దారిలో దొరికే అడవి పళ్ళను, ఆకులను కూడా తినేది.

1955 యాత్ర

1955 మే 3న ఎమ్మా జార్జియాలోని ఓగ్లెథార్ప్ పర్వతం నుండి ఉత్తర దిశగా నడక ప్రారంభించింది. అప్పటికి బాట దక్షిణపు కొస అదే. (1958 నుండి స్ప్రింగర్ పర్వతం దక్షిణపు కొస అయింది.) నడకకు వెళ్తున్నానని తప్ప ఆమె ఇంటివారికి మరేమీ చెప్పలేదు.

పత్రికలో చదివిన బాటకు, కాళ్ళక్రింది బాటకు చాలా తేడా ఉన్నదని ఆమెకు త్వరలోనే తెలిసివచ్చింది. అనేకచోట్ల గుర్తులు చెరిగిపోయి ఉన్నాయి. కూలిన చెట్లు దారికి అడ్డుగా ఉండేవి. కొన్ని షెడ్లు పాడుబడి, కొన్ని మురికితో నిండి ఉండేవి. షెడ్డు దొరకని రాత్రులలో ఆమె వరండాల మీద, బల్లల మీద, చెట్ల క్రింద నిద్రించింది. దారి పక్కనున్న ఇళ్ళ తలుపులు తట్టి బస అడిగేది. అనేకులు ఆమెకు భోజనం పెట్టి పడక ఇచ్చారు. కొందరు పొమ్మన్నారు.

వర్జీనియా చేరేసరికి స్థానిక పత్రికలకు ఆమె సంగతి తెలిసింది. అక్కడినుండి ఆమె గురించిన వార్తలు దేశమంతటా వ్యాపించాయి. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక కూడా ఆమెపై వ్యాసం ప్రచురించింది.

ఆగస్టు నెలలో కానీ, డయాన్ అనే రెండు తుఫానులు కొద్దిరోజుల తేడాతో అమెరికా తూర్పు తీరాన్ని తాకి, భారీ వరదలను కలిగించాయి. వెర్మాంట్ రాష్ట్రంలోని క్లారెండన్ లోయ వద్ద ప్రవాహం ఉద్ధృతంగా ఉండి, దాటడానికి వంతెన లేకపోయింది. అప్పుడు నౌకాదళానికి చెందిన ఇద్దరు యువకులు ఆమెను పారాచూట్ త్రాళ్ళతో తమ మధ్య కట్టుకొని అవతలి ఒడ్డుకు చేర్చారు.

1955 సెప్టెంబరు 25న, బయలుదేరిన 146వ రోజున, ఎమ్మా కటాడిన్ శిఖరాన్ని చేరుకున్నది. ఏడాది క్రితం ఆమె ఓడిపోయి తిరిగివెళ్ళింది ఈ పర్వత ప్రాంతం నుండే. శిఖరం మీద ఆమె అక్కడి పుస్తకంలో సంతకం చేసి, ఒక దేశభక్తి గీతంలోని మొదటి చరణం పాడింది.

తరువాతి యాత్రలు

1957లో ఆమె అదే బాటను మరొకసారి మొదటి నుండి చివరి వరకు నడిచింది. స్త్రీలలోనూ, పురుషులలోనూ రెండు పర్యాయాలు ఈ బాటను ఆ విధంగా పూర్తిచేసిన మొదటి వ్యక్తి ఈమె. 1964 నాటికి, డెబ్భై అయిదేళ్ళు దాటిన వయసులో, భాగాలుగా నడిచి మూడవసారి కూడా పూర్తిచేసింది. మూడుసార్లు పూర్తిచేసిన మొదటి వ్యక్తి కూడా ఈమెయే.

1959లో ఒరెగాన్ రాష్ట్రం ఏర్పడి నూరేళ్ళు నిండిన సందర్భంగా, మిస్సోరీలోని ఇండిపెండెన్స్ నుండి ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ వరకు సుమారు 3,200 కిలోమీటర్లు నడిచింది. పూర్వం వలసదారులు బండ్లలో ప్రయాణించిన మార్గమిది. అప్పటికి ఆమె వయసు 71 సంవత్సరాలు.

సొంత రాష్ట్రమైన ఒహాయోలో బక్‌ఐ కాలిబాట నిర్మాణానికి ఆమె ఎంతో కృషిచేసింది. గాలియా కౌంటీలో పొదలు నరికి, గుర్తులు వేసి స్వయంగా దారి ఏర్పరచింది. హాకింగ్ హిల్స్ ప్రాంతంలో ఏటా జనవరిలో జరిగే శీతాకాలపు నడకకు నాయకత్వం వహించింది.

ప్రభావం

బాట దుస్థితిని గురించి ఎమ్మా విలేఖరులతో నిర్మొహమాటంగా మాట్లాడింది. ఆమె యాత్రకు లభించిన ప్రచారం వలన బాట నిర్వహణపై ప్రజలకు శ్రద్ధ పెరిగింది.

యాత్రా సామగ్రి విషయంలో ఆమె ఏ సిద్ధాంతాన్నీ ప్రతిపాదించలేదు. అయితే 1990లలో తేలికబరువు నడక ఒక ఉద్యమంగా రూపొందినప్పుడు ఆమె పద్ధతికి కొత్తగా గుర్తింపు వచ్చింది. 1992లో పసిఫిక్ క్రెస్ట్ కాలిబాటపై పుస్తకం వెలువరించిన రే జార్డిన్, స్వయంగా కుట్టుకున్న సంచి, గుడారానికి బదులు పరదా, బరువైన బూట్లకు బదులు పరుగుబూట్లు వాడాలని ప్రచారం చేశాడు. నేటి పాదచారులు వానకోటుగానూ, పైకప్పుగానూ పనికివచ్చే పరదాలను వాడుతున్నారు. చేతికర్రలనే గుడారపు గుంజలుగా నిలబెడుతున్నారు. బట్టల సంచిని తలగడగా, వంటగిన్నెను లోటాగా ఉపయోగిస్తున్నారు. ఆహారం, నీరు, ఇంధనం మినహా మిగిలిన బరువు సుమారు 4.5 కిలోలలోపు ఉంటే దానిని అతితేలిక సామగ్రిగా పరిగణించడం పరిపాటి.

ఈ పద్ధతికి పరిమితులు కూడా ఉన్నాయి. ఒకే వస్తువును ఒకే సమయంలో రెండు పనులకు వాడలేము. క్రింద పరచుకున్న కప్పడం రాత్రి వాన వస్తే పైన కప్పుకొనడానికి దొరకదు. ఆ ఒక్క వస్తువు చిరిగినా, పోయినా రెండు అవసరాలూ తీరకుండా పోతాయి. ఎమ్మా విషయంలో ఈ లోటును కొంతవరకు షెడ్లు, దారిపక్క ఇళ్ళవారి ఆతిథ్యం పూరించాయి. మిగిలినది ఆమె అడవి పరిజ్ఞానం, కష్టాలకు అలవాటుపడిన శరీరం పూరించాయి. కాబట్టి ఆమె సంచిని మాత్రమే అనుకరించడం అనుభవం లేనివారికి ప్రమాదకరం కాగలదు. 1954లో ఆమెకే ఎదురైన ఇబ్బంది ఇందుకు నిదర్శనం.

మరణం, గుర్తింపు

ఎమ్మా గేట్‌వుడ్ 1973 జూన్ 4న ఒహాయోలోని గాలిపొలిస్‌లో గుండెపోటుతో మరణించింది. అప్పటికి ఆమె వయసు 85 సంవత్సరాలు. ఆమె పిల్లలు 11 మందీ అప్పటికి జీవించి ఉన్నారు. హాకింగ్ హిల్స్‌లో ఓల్డ్ మ్యాన్స్ కేవ్ నుండి యాష్ కేవ్ వరకు ఉన్న సుమారు 10 కిలోమీటర్ల బాటకు ఆమె పేరు పెట్టారు. 2012లో అపలాచియన్ కాలిబాట ప్రముఖుల జాబితాలో ఆమెకు స్థానం లభించింది. 2014లో బెన్ మాంట్‌గొమరీ వ్రాసిన ఆమె జీవితచరిత్ర వెలువడింది. బ్రతికి ఉండగా బయటివారికి అంతగా తెలియని ఆమె వివాహ జీవితపు బాధలు ఆ పుస్తకం ద్వారా పాఠకలోకానికి విస్తృతంగా తెలిశాయి.